డయాటమ్ మట్టి పొడి: ఏళ్లు వాడాక కోళ్ల షెడ్డుకి ఉంచుకున్నాను, పొలానికి మానేశాను

డయాటమేషియస్ ఎర్త్ అనే తెల్లటి పొడిని చాలా ఏళ్లుగా మూడు చోట్ల వాడుతూ వచ్చాను: కోళ్ల షెడ్డు, నిల్వ గింజలు, కూరగాయల మడులు. మొదటి రెండిటికీ అయిపోయిన ప్రతిసారీ మళ్లీ తెచ్చుకుంటాను. పైరు మీద చల్లడం మాత్రం దాదాపు మానేశాను. పొడి పనిచేసే తీరు తెలిస్తే ఎందుకో అర్థమవుతుంది.

డయాటమ్‌లనే సూక్ష్మ నాచు జీవుల సిలికా గుల్లలు నీటి అడుగున పేరుకుని, లక్షల ఏళ్లలో మట్టిపొరలుగా మారాయి. వాటిని తవ్వి మెత్తగా నూరితే వచ్చేదే ఈ పొడి. పురుగు ఒంటిమీద ఒక పలచని మైనపు పూత ఉంటుంది. ఒంట్లోని తడి బయటికి పోకుండా ఆపేది అదే. ఈ రేణువులు ఆ మైనాన్ని పీల్చేస్తాయి, కొంత గీకేస్తాయి. ఆ తర్వాత పురుగు ఎండిపోయి చస్తుంది. విషం కాదు కాబట్టి చల్లిన గంటలో ఏమీ కనబడదు. రెండు రోజుల నుంచి వారం దాకా, గట్టి పురుగైతే ఇంకా ఎక్కువే పడుతుంది. గాలిలో తేమ 70 శాతం దాటితే పని బాగా మందగిస్తుంది, తడిస్తే ఆగిపోతుంది. ఆరితే మళ్లీ పనిచేస్తుంది, కానీ గడ్డకట్టిన పొడి పురుగుకి అంటదు.

కొనేటప్పుడే సగం మంది పొరబడతారు. ఈత కొలనుల ఫిల్టర్లకు వాడే రకాన్ని బాగా వేడి చేసి తయారుచేస్తారు. అందులో స్ఫటిక సిలికా ఎక్కువ. అది పురుగు మీద సరిగ్గా పనిచేయదు, పైగా ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. దాన్ని షెడ్డు దరిదాపులకు కూడా తేవద్దు. సంచి మీద ఆహారశ్రేణి (ఫుడ్ గ్రేడ్) అని, స్ఫటిక సిలికా 1 శాతం లోపని రాసి ఉండాలి. దాణా గడ్డకట్టకుండా కలిపే రకాల్లో కొన్నిటికి బెంటొనైట్ మట్టి జోడిస్తారు. గ్లాసు నీళ్లలో చెంచాడు పొడి వేసి చూడండి: బెంటొనైట్ ఎక్కువగా ఉంటే ఉబ్బి జిగురుగా మారుతుంది. మంచి పొడి కాసేపు మబ్బుగా తేలి అడుక్కి చేరుతుంది, ఉబ్బదు. అంతకంటే నమ్మకమైన పరీక్ష ఇంకోటి ఉంది. రెండు సీసాల్లో బాగా ఎండిన గింజలు, చెరో ఇరవై ముక్కు పురుగులు వేసి, ఒకదాంట్లో మాత్రం కిలోకి 1 గ్రాము లెక్కన పొడి కలపండి. మూతికి గుడ్డ కట్టి వారం, పది రోజులు ఉంచండి. రెండు సీసాల మధ్య తేడా కొట్టొచ్చినట్టు కనబడకపోతే ఆ సంచి పనికిరాదు.

కోళ్ల షెడ్డులో దీని అసలు శత్రువు ఎర్ర నల్లి. పగలంతా పగుళ్లలో, అతుకుల్లో దాక్కుని ఎక్కువగా రాత్రే కోడి మీదికెక్కి రక్తం తాగుతుంది. అందుకే పగలు కోడిని పట్టుకుని ఈకలు విప్పి చూస్తే ఏమీ దొరకదు. చీకటి పడ్డాక టార్చి వేసి, కోళ్లు కూర్చునే కర్ర కొసను, అది గోడకు ఆనే చోటును చూడండి. ఉప్పూ మిరియాలు కలిపి రాల్చినట్టు బూడిదరంగు మురికి ఉంటుంది. తెల్లవి నల్లి వదిలేసిన పొట్టులు, నల్లవి దాని రెట్ట చుక్కలు. కర్ర అడుగున తెల్లకాగితం పెట్టి గట్టిగా రుద్దితే కాగితం మీద ఎర్రటి రక్తపు గీతలు పడతాయి. గుడ్లు తగ్గడం, తురాయి పాలిపోవడం, కోళ్లు రాత్రి గూట్లోకి వెళ్లడానికి మొరాయించడం కూడా గుర్తులే.

వేడి వాతావరణంలో ఈ నల్లి గుడ్డు నుంచి పెద్దది కావడానికి వారం, పది రోజులు చాలు. కోళ్లు లేకపోయినా నెలల తరబడి బతుకుతుంది. కాబట్టి షెడ్డు ఖాళీగా ఉంచినంత మాత్రాన పోదు. ఒక బ్యాచ్ కోళ్లను తీసేశాక ముందు లిట్టర్ (నేల మీద పరిచే పొట్టు) ఎత్తి, దుమ్ము, బూజు గీకి, కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. ఆరకుండా చల్లిన పొడి దండగే. తర్వాత లీటరు నీటికి 100 నుంచి 150 గ్రాములు కలిపి, కర్రల అడుగున, అతుకుల్లో, గుడ్లు పెట్టే పెట్టెల వెనక కొడతాను. ఆరాక సున్నం వేసినట్టు పలచటి తెల్లపూత మిగులుతుంది. తడిపి కొట్టిన పూత పొడి దుమ్ము అంత బలంగా పనిచేయదు. అయినా నిలువు గోడలకూ, కర్రల అడుగు భాగాలకూ అంటుకుని ఉండేది అదొక్కటే. పగుళ్లలోకి మాత్రం రబ్బరు బుడ్డి డస్టరుతో పొడినే ఊదుతాను. పూతను తడిబట్టతో తుడవకూడదు. దుమ్ము పేరుకున్న చోట పని తగ్గుతుంది కాబట్టి కర్రల కొసల్ని వారానికోసారి చూసి మళ్లీ కొట్టాలి. నల్లి గుడ్ల నుంచి వచ్చే తర్వాతి తరాన్ని పట్టేది ఈ రెండోసారి, మూడోసారి కొట్టినదే.

స్ప్రేయరుతో ఒక చిక్కుంది. పొడి నిమిషాల్లో అడుక్కి దిగిపోయి నాజిల్ పూడుకుంటుంది. సన్నని ఫిల్టరు తీసేసి, పెద్ద రంధ్రం నాజిల్ పెట్టి, ట్యాంకును ఆపకుండా కదుపుతూ కొట్టాలి. ఇది గీకే పొడి కదా, పంపు వాషర్లనూ నాజిల్‌నూ అరగదీస్తుంది. పని అయిన వెంటనే మంచినీళ్లతో రెండుసార్లు కడగండి. మందులు కొట్టే మంచి స్ప్రేయరును దీనికి వాడకండి, పాతదొకటి విడిగా పెట్టుకోండి.

కోడి ఒంటిమీదే బతికే పేలకు, ఈకల నల్లికి షెడ్డు గోడలు పూసి లాభం లేదు. వాటికి మట్టి స్నానమే దారి. వెడల్పాటి పెట్టెలో జానెడు లోతున పొడి ఇసుక పోసి, ఐదు పాళ్లకు ఒక పాలు ఈ పొడి కలిపి, వాన పడని చోట పెడితే కోళ్లే పొర్లుతాయి. పొర్లిన కోడికే మేలు. పెట్టెలోకి దిగని కోడి మీద పేలు అలాగే ఉంటాయి, అక్కడి నుంచి మిగతావాటికి పాకుతాయి. ఈకల నల్లి ముదిరితే గంధకం పొడి దీనికంటే గట్టిగా పనిచేస్తుందని ఒప్పుకోవాలి. రెట్ట వేసే చోటు చుట్టూ ఈకల మొదళ్లలో గుత్తులుగా అంటుకున్న పేల గుడ్లను ఈ పొడి ఏమీ చేయదు.

లిట్టరులో తిరిగే నల్ల పెంకు పురుగుల మీద ఫలితం సగం సగమే. బ్యాచ్ వెళ్లి షెడ్డు చల్లబడగానే అవి లిట్టరు వదిలి గోడలెక్కుతాయి. గోడ మొదట్లో, స్తంభాల చుట్టూ బెత్తెడు వెడల్పున పలచగా గీత వేయడానికి అదే సరైన అదను. ఈగలకైతే ఇది మందే కాదు. ఈగ పిల్లలు ఉండేది తడి రెట్టలో, అక్కడ ఈ పొడి పనిచేయదు. కోళ్లు నీళ్లు తాగే నిపుల్ కారుతుంటే బాగుచేయండి, తడిసిన లిట్టరు తీసేయండి. ఈగలు అక్కడే తగ్గుతాయి. దాణాలో కలిపితే కడుపులో పాములు పోతాయన్న మాట నమ్మి పాముల మందు మానేయకండి. పేగు లోపల అంతా తడే కదా.

నిల్వ గింజల్లో నాకు ఇది బాగా నచ్చింది. టన్నుకి 1 కిలో, అంటే కిలోకి 1 గ్రాము. గింజలో తేమ 12 శాతం దగ్గర ఉంటే బ్రహ్మాండంగా పనిచేస్తుంది, 14 దాటితే ఆశ వదులుకోవాలి. పళ్లతో కొరికితే టక్కున విరగాలి, మెత్తగా నలగకూడదు. కొద్ది గింజల్లో పొడిని బాగా కలిపి, దాన్ని మొత్తం రాశిలో కలిపితే అంతటా సమానంగా అంటుతుంది. ముక్కు పురుగు తేలిగ్గానే చస్తుంది. పిండిలో తిరిగే ఎర్ర పెంకు పురుగు మొండిది, దానికి మోతాదూ, సమయమూ ఎక్కువ కావాలి. పప్పుల్లో పుచ్చు పట్టాక కలిపితే లోపలి పురుగు బయటికి వచ్చేదాకా బతికే ఉంటుంది, ఈలోగా గింజ గుల్లవుతుంది. అందుకే ఎండబెట్టి, జల్లించి, పుచ్చు పట్టకముందే కలపాలి. విత్తనాల మొలకకు హాని లేదు. తినే గింజలు కడిగి వాడుకుంటే చాలు. అమ్మే గింజలకు మాత్రం ఆలోచించాలి: గింజ గరుకెక్కి జారుడు తగ్గుతుంది, అదే కొలతకు తూకం తగ్గుతుంది, కొనేవాడు దుమ్ము అంటాడు. అలాంటప్పుడు రాశి అడుగున కొంత, పైన ఒక అడుగు మందాన కొంత కలిపి మధ్యది వదిలేస్తాను.

ఇక పైరు. పొద్దున మంచుకి తడుస్తుంది, వానకి కొట్టుకుపోతుంది. పేనుబంక కదలకుండా ఆకు అడుగున కూర్చుని రసం పీలుస్తుంది, పైన చల్లిన పొడి దానికి తగలదు. కాయలోపల తొలిచే పురుగుకి అసలే తగలదు. తగిలేది ఎవరికి? ఆకుల మీద తిరిగే అక్షింతల పురుగులకు, పూల మీద వాలే తేనెటీగలకు. పేనుబంకను తినేవాటిని చంపి పేనుబంకను పెంచుకోవడం నాకు నచ్చలేదు. ఇప్పుడు పైరులో రెండే పనులకు వాడతాను. పొడి రోజుల్లో గుమ్మడి, దోస మొలకలు రెండు మూడు ఆకుల మీద ఉన్నప్పుడు, పూత రాకముందు, ఆకులు కొరికే ఎర్ర పెంకు పురుగులకు (పిండిలోవి కావు, వేరే రకం) ఆకుల మీద పలచగా దులుపుతాను. పేనుబంకను కాచుకునే చీమలకు కాండం మొదట్లో పొడి గీత వేస్తాను. తడిసిన ప్రతిసారీ మళ్లీ వేయాల్సిందే.

ఎక్కడైనా పలచగానే. కుప్పగా పోస్తే పురుగు పక్కనుంచి తిరిగి పోతుంది. వేలితో రాస్తే తెల్లచార పడేంత చాలు. చల్లేటప్పుడు ఎన్95 మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి. విషం కాదన్న ధీమాతో చాలామంది మాస్కు మానేస్తారు, కానీ ఆహారశ్రేణి దుమ్ము కూడా ఊపిరికి మంచిది కాదు. కోళ్ల ఊపిరితిత్తులు, గాలి సంచులు మనకంటే సున్నితం, అందుకే మూసిన షెడ్డులో కోళ్లుండగా పొడి ఊదవద్దు. బయటికి తోలి, ఊది, దుమ్ము దిగాకే లోపలికి వదలాలి. మిగిలిన పొడిని గాలి చొరని డబ్బాలో పెడితే ఏళ్లు గడిచినా పాడవదు.