బీజడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) చదివేవాళ్లకు సొంత మైక్రోస్కోప్: అంబాలా మోనాక్యులర్‌పై రివ్యూ

హర్యానాలోని అంబాలాలో తయారై మన దాకా వచ్చే మోనాక్యులర్ (ఒక కంటితో చూసే) స్టూడెంట్ మైక్రోస్కోపులు రకరకాల పేర్లతో అమ్ముడవుతున్నా, లోపలి సామాను ఇంచుమించు ఒకటే. నాలుగైదు వేల రూపాయల్లో దొరికే ఆ తరహా మోడల్ గురించే ఈ రివ్యూ. నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీ, మహబూబ్‌నగర్ పాలమూరు యూనివర్సిటీ పరిధిలో బోటనీ, జువాలజీ చదివే విద్యార్థి దీన్ని కొనొచ్చా అంటే, కొనొచ్చు. అయితే స్టేజి (స్లైడ్ పెట్టే బల్ల) కింద వెలుతురును స్లైడ్ మీదికి కూర్చే కండెన్సర్, దానికి ఆ వెలుతురును తగ్గించి పెంచే ఐరిస్ డయాఫ్రమ్ ఉంటేనే. ఆ రెండూ లేని రెండు వేల మోడల్ మాత్రం వద్దు. అది బడి పిల్లలకు సరిపోతుంది, డిగ్రీకి చాలదు.

కాలేజీ ల్యాబ్‌లో మైక్రోస్కోపులు ఉండగా సొంతది ఎందుకు? ల్యాబ్‌లో మీ వంతు వచ్చేసరికి స్లైడ్‌ను ఎవరో ఒకరు ఫోకస్ చేసి పెట్టి ఉంటారు. నేర్చుకోవాల్సింది ఆ ఫోకస్ చేయడమే. వెలుతురు సర్దడం, పాడైన సెక్షన్ పారేసి ఇంకోటి కోయడం, అదే స్లైడ్‌ను పదిసార్లు చూసి గీయడం రెండు గంటల ప్రాక్టికల్‌లో కుదరవు. పైగా 2014లో యూజీసీ జంతువుల డిసెక్షన్లు ఆపించాక జువాలజీలోనూ స్లైడ్లు, స్పాటర్ల (చూసి గుర్తుపట్టమని ఇచ్చే నమూనాల) మీద ఆధారపడడం పెరిగింది. స్లైడ్ చదవడం రాని విద్యార్థికి ఎమ్మెస్సీలో అడుగడుగునా ఇబ్బందే.

పెట్టెలో 10ఎక్స్, 15ఎక్స్ ఐపీసులు (కంటి వైపు లెన్స్‌లు), 10ఎక్స్, 40ఎక్స్ ఆబ్జెక్టివ్‌లు (స్లైడ్ వైపు లెన్స్‌లు) ఉంటాయి. కొన్నిటికి 100ఎక్స్ ఆయిల్ ఇమ్మర్షన్ కూడా ఇస్తారు. ఒకవైపు చదునుగా, మరోవైపు పుటాకారంగా ఉండే అద్దం కింద బిగించి ఉంటుంది. పెట్టె మీద పెద్ద అక్షరాలతో 1500 రెట్లు అని రాసి ఉంటే ఆ అంకెను నమ్మి కొనకండి. పనికొచ్చేలా పెద్దది చేసి చూపడానికి హద్దు, ఆబ్జెక్టివ్ న్యూమరికల్ అపర్చర్‌కు (అది వెలుతురును ఎంత వెడల్పుగా అందుకోగలదో చెప్పే అంకెకు) వెయ్యి రెట్లు. 40ఎక్స్ మీద 0.65 అని చెక్కి ఉంటుంది, అంటే 650 దగ్గర దాని సత్తా అయిపోతుంది. 100ఎక్స్ మీద 1.25 ఉంటుంది, దాని హద్దు 1250. 15ఎక్స్ ఐపీస్ పెట్టి 1500 చేస్తే బొమ్మ పెద్దదవుతుంది తప్ప కొత్త వివరం ఒక్కటీ కనిపించదు, మసక మాత్రం పెరుగుతుంది. 15ఎక్స్‌ను పెట్టెలోనే ఉంచి 10ఎక్స్‌తో పని చేసుకోండి. 0.65 ఆబ్జెక్టివ్ పచ్చటి వెలుతురులో దాదాపు అర మైక్రాన్ దూరంలో ఉన్న రెండు చుక్కలను విడదీసి చూపగలదు. మూడేళ్ల బోటనీ ప్రాక్టికల్స్‌లో ఎక్కువ భాగం ఆ హద్దులోపలే ఉంటుంది.

కండెన్సర్ గురించి అంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఆబ్జెక్టివ్ తన సత్తా చూపాలంటే దానికి అంతే వెడల్పైన వెలుతురు శంకువు కింద నుంచి అందాలి. కండెన్సర్ లేకపోతే 40ఎక్స్ లెన్స్‌లు ఎంత మంచివైనా వృథా. కండెన్సర్ ఉన్నప్పుడు అద్దం చదును వైపు వాడాలి, పుటాకారం వైపు కాదు. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. ఐరిస్ ఎంత మూయాలో కొలుచుకునే ఉపాయం తేలిక: స్లైడ్ ఫోకస్ అయ్యాక ఐపీస్ బయటికి తీసి గొట్టంలోకి చూడండి, కనిపించే వెలుగు వలయంలో ముప్పావు వంతు దాకా ఐరిస్ తెరిచి ఉంచండి. పూర్తిగా తెరిస్తే రంగు వేయని కణాలు వెలుతురులో కలిసిపోతాయి. మరీ మూస్తే ప్రతి గీత చుట్టూ నల్లని అంచు వచ్చి, లేని గోడలు ఉన్నట్టు కనిపిస్తాయి. అద్దాన్ని ఎండకు తిప్పొద్దు, కన్ను పోతుంది. ఉత్తరం వైపు కిటికీ, లేదా తెల్ల కాగితం వెనక పెట్టిన ఎల్‌ఈడీ బల్బు చాలు. ఎల్‌ఈడీ మోడల్ కొనేవాళ్లు కూడా అద్దం విడిగా ఇస్తారేమో అడగండి, కరెంటు పోయినప్పుడు అక్కరకొస్తుంది.

ఆన్‌లైన్‌లో కాకుండా హైదరాబాద్ వెళ్లి దుకాణంలో చూసి కొనడమే మంచిది. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా వంద కిలోమీటర్ల ప్రయాణమే. వెంట తెలుగు పేపర్ ముక్క ఒకటి తీసుకెళ్లండి. ‘క’ లాంటి అక్షరాన్ని 10ఎక్స్‌లో ఫోకస్ చేసి, ఆబ్జెక్టివ్‌లు బిగించిన నోస్‌పీస్ తిప్పి 40ఎక్స్‌కు మారండి. ఫైన్ నాబ్ అర చుట్టు లోపలే బొమ్మ స్పష్టం కావాలి, చూస్తున్న చోటు కూడా నడిమధ్య నుంచి పెద్దగా జరగకూడదు. కోర్స్ నాబ్ తిప్పి వదిలేసి రెండు నిమిషాలు ఆగండి. గొట్టం తనంతట తాను కిందికి జారుతుంటే ఆ పీస్ పక్కన పెట్టించండి. ఐపీస్‌ను వేళ్లతో తిప్పినప్పుడు మచ్చ కూడా తిరిగితే మురికి ఐపీస్‌లో ఉన్నట్టు, స్లైడ్ జరిపితే జరిగితే స్లైడ్ మీద ఉన్నట్టు. రెండింటికీ కదలకపోతే ఆబ్జెక్టివ్‌లోనో కండెన్సర్‌లోనో ఉంది. 40ఎక్స్ కొనను వేలితో మెల్లగా నొక్కితే లోపలికి వెళ్లి తిరిగి రావాలి. ఆ స్ప్రింగ్ లేని ఆబ్జెక్టివ్ స్లైడ్లను పగలగొడుతుంది, తానూ గీత పడుతుంది.

అసలు విషయం, ఇంత పెట్టి కొన్నాక దీనిలో ఏం కనిపిస్తుంది? మన చేలూ చెరువులే సిలబస్‌లో సగం. జొన్న ఆకు అడ్డుకోత 10ఎక్స్‌లో చూస్తే నాళికాపుంజం (ఈనెలోని నాళాల కట్ట) చుట్టూ పెద్ద కణాల దండ కనిపిస్తుంది, అదే క్రాంజ్ అనాటమీ. అదే ఆకు పొర ఒలిస్తే పత్రరంధ్రాల పక్కన డంబెల్ ఆకారపు రక్షక కణాలు, పల్లి ఆకు పొరలో చిక్కుడు గింజ ఆకారంవి. రెండూ పక్కపక్కన గీస్తే గడ్డి జాతి, ద్విదళ బీజ మొక్కల తేడా ఇక మరిచిపోరు. బత్తాయి ఆకు కోతలో నూనె గదులు గుండ్రంగా, ఖాళీగా కనిపిస్తాయి. వరి మడిలో తేలే అజొల్లా ఆకును నీటి చుక్కలో సూదులతో చిదిమి కవర్‌స్లిప్ వేస్తే 40ఎక్స్‌లో అనబినా (ఆకులో నివసించే నీలి ఆకుపచ్చ నాచు) గొలుసులు, వాటి మధ్య మధ్య లేతగా, కాస్త పెద్దగా ఉండే హెటిరోసిస్టులనే కణాలు దొరుకుతాయి. పానగల్లు ఉదయ సముద్రం లాంటి చెరువు నీళ్లు ఒక సీసా తెచ్చుకుంటే నాచు పోగులు, ఏకకణ జీవులు చూస్తూ వారం గడుస్తుంది. పారమీసియం కావాలంటే చెరువు నీళ్లలో వరిగడ్డి ముక్కలు వేసి నాలుగైదు రోజులు నీడలో ఉంచండి. అవి పరుగెత్తుతుంటే స్లైడ్ మీద నాలుగు దూది పోగులు వేస్తే ఆ సందుల్లో నిలబడతాయి.

మర్రి ఆకు కోత మాత్రం తప్పక చేసి తీరాలి. పైపొరలో అక్కడక్కడా పెద్ద కణం, అందులో కాడకు వేలాడే ద్రాక్షగుత్తిలా సిస్టోలిత్ ఉంటుంది. అది కాల్షియం కార్బొనేట్. 10ఎక్స్‌లో చూస్తూ కవర్‌స్లిప్ అంచున ఒక చుక్క వెనిగర్ వదిలితే బుడగలు లేచి గుత్తి కరిగిపోతుంది. తాజా ఆకే వాడాలి, ఆమ్లం ఉన్న ద్రావణంలో నిల్వ చేసిన ఆకులో సిస్టోలిత్ ముందే కరిగిపోయి ఉంటుంది. దీనికోసం మహబూబ్‌నగర్ పిల్లలమర్రి దగ్గరికి వెళ్లి ఆకు తెంపకండి. 2017 డిసెంబరులో కొమ్మ విరిగిపడ్డాక చెదల మందును సెలైన్ సీసాలతో ఎక్కించి కాపాడుకున్న చెట్టు అది. ఊళ్లో ఏ మర్రి అయినా ఇదే చూపిస్తుంది.

సెక్షన్లకు కొత్త షేవింగ్ బ్లేడు, ఆకును నిలబెట్టడానికి చీల్చిన క్యారెట్ ముక్క చాలు. బ్లేడు, ఆకు రెండూ తడిగా ఉండాలి, ఒక్క లాగుడులో కోయాలి. ఇరవై కోసి నీళ్ల పళ్లెంలో వేస్తే, తేలేవాటిలో కనీకనపడనంత పలుచగా ఉన్నవి రెండు మూడు ఉంటాయి. పూర్తి సెక్షన్ కోసం ఆశపడొద్దు, పలుచని సగం ముక్క మందపాటి పూర్తి ముక్క కంటే నయం. ఒక శాతం సఫ్రనిన్‌లో రెండు మూడు నిమిషాలు ఉంచి కడిగి గ్లిజరిన్‌లో పెడితే దారువు ఎర్రగా తేలుతుంది.

మైటాసిస్ (కణ విభజన) చూడడానికి ఉల్లిగడ్డ అడుగున ఎండిన పాత వేర్లు గీకి, అడుగు మాత్రమే నీళ్లకు తగిలేలా గ్లాసు మీద కూర్చోబెట్టాలి. అప్పుడే తవ్విన గడ్డ నిద్రావస్థలో ఉంటుంది, వేరు తొడగదు. కొన్నాళ్లు నిల్వ ఉన్నదే పనికొస్తుంది. వేర్లు ఒకటి రెండు సెంటీమీటర్లయ్యాక ఉదయం పూట కోసి, మూడు వంతుల ఇథనాల్‌కు ఒక వంతు గ్లేషియల్ అసిటిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో 24 గంటలు ఉంచాలి. ఆ తర్వాత 1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఐదు నుంచి పది నిమిషాలు. ఆమ్లాల పనంతా కాలేజీ ల్యాబ్‌లోనే చేసుకోండి, ఇంట్లో వద్దు. కొన నుంచి ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే తీసుకుని అసిటోకార్మిన్ వేసి, కవర్‌స్లిప్ మీద బ్లాటింగ్ పేపర్ పరచి బొటనవేలితో నిలువుగా నొక్కాలి. పొడవాటి ఖాళీ కణాలే కనిపిస్తే కొనకు బదులు పైభాగం కోశారన్నమాట. కణాలు ముద్దగా ఉంటే ఆమ్లంలో ఉంచింది చాలలేదు. క్రోమోజోములు దారాల్లా చుట్టుకుపోతే నొక్కేటప్పుడు కవర్‌స్లిప్ పక్కకు జరిగింది. ఈ మైక్రోస్కోప్‌లో 40ఎక్స్ దగ్గర మెటాఫేజ్, అనాఫేజ్ దశలు తేలిగ్గా గుర్తుపడతారు. 16 క్రోమోజోములు లెక్కపెట్టాలంటే మాత్రం బాగా విడిపోయిన కణం, 100ఎక్స్ రెండూ కావాలి.

రక్తం స్మియర్ (స్లైడ్ మీద పలుచగా పరచిన రక్తపు పొర) దగ్గర మన ప్రాంతపు నీళ్ల సమస్య ఎదురవుతుంది. లీష్‌మన్ రంగు విడిగా రెండు నిమిషాలు, దానికి రెట్టింపు బఫర్ కలిపి ఇంకో ఏడు నుంచి పది నిమిషాలు. ఆ బఫర్ పీహెచ్ 6.8 ఉండాలి. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లు సాధారణంగా క్షారగుణంతో ఉంటాయి, వాటితో కడిగితే ఎర్ర కణాలు గులాబీ రంగులో కాక బూడిద నీలంగా వస్తాయి, తెల్ల కణాల రకాలు తేల్చుకోలేరు. ఉప్పు మరకలు వేరే. స్లైడ్లు కడగడానికి పెట్రోల్ బంకులో దొరికే బ్యాటరీ వాటర్ చవకైన మార్గం. లాన్సెట్ (వేలు పొడిచే సూది) ఒక్కరికి ఒక్కటే, ఒక్కసారే. ఈ ప్రాక్టికల్ లెక్చరర్ ముందే చేయండి. ఎర్ర కణం అడ్డం ఏడెనిమిది మైక్రాన్లు ఉంటుంది కనుక, స్టేజి మైక్రోమీటర్ (కొలత గీతలున్న స్లైడ్) లేనివాళ్లకు అదే కొలబద్ద.

లోపాలు చెప్పుకోవాలి. మెకానికల్ స్టేజి ఉండదు, స్లైడ్‌ను వేళ్లతో జరపాలి. 40ఎక్స్‌లో అర మిల్లీమీటరు వెడల్పు కూడా కనిపించదు కనుక, వేలు వణికితే చూస్తున్న కణం పోతుంది. నెల రోజుల్లో చేయి అలవాటు పడుతుంది. బొమ్మ నడుమ ఫోకస్ అయితే అంచులు మసకగా ఉంటాయి, ఈ ధరలో అది మామూలే. 100ఎక్స్ మీద మాత్రం మా అభిప్రాయం అనుకూలంగా లేదు. ఆయిల్ వేసి కండెన్సర్ పైకంటా లేపినా అద్దం వెలుతురు చాలదు, ఎల్‌ఈడీ కావాలి. మైక్రోబయాలజీ లేనివాళ్లు ఆ డబ్బుతో మంచి కవర్‌స్లిప్పులు, రంగులు కొనుక్కోవడం నయం. ఆబ్జెక్టివ్ మీద 160/0.17 అని ఉంటుంది చూడండి, ఆ రెండో అంకె కవర్‌స్లిప్ మందం మిల్లీమీటర్లలో. మందపాటి రకం వేస్తే 40ఎక్స్ బొమ్మ పాలిపోతుంది.

“10ఎక్స్‌లో బాగుంది, 40ఎక్స్‌లో ఏమీ కనిపించడం లేదు” అని మైక్రోస్కోప్ వాపసు ఇవ్వబోయేవాళ్లు ముందు స్లైడ్ తిరగేసి చూడండి. 40ఎక్స్ పనిచేసే దూరం అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, స్లైడ్ గాజు మందం మిల్లీమీటరు పైనే. కవర్‌స్లిప్ కిందికి ఉంటే ఆబ్జెక్టివ్ గాజుకు తగులుతుంది కానీ వస్తువును అందుకోదు.

ఈ డబ్బు కూడా కష్టమైతే ఫోల్డ్‌స్కోప్ ఉంది. స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం చేసిన కాగితపు మైక్రోస్కోప్ అది, 140 రెట్లు చూపుతుంది, రెండు మైక్రాన్ల దాకా విడదీస్తుంది. ఆకు పొరలకు, చెరువు నీళ్లకు, అమ్రాబాద్ అడవి వైపు ఫీల్డ్ ట్రిప్‌కు జేబులో పెట్టుకెళ్లడానికి బాగుంటుంది. ఉల్లిగడ్డ క్రోమోజోములకు పనికిరాదు.

వేసవిలో 40 డిగ్రీలు దాటిన గదిలో నాబ్ గ్రీజు పల్చబడి గొట్టం జారడం మొదలవుతుంది. చాలా మోడళ్లలో రెండు కోర్స్ నాబ్‌లను చెరో చేత్తో పట్టుకుని ఎదురెదురుగా తిప్పితే బిగుసుకుంటుంది. వానాకాలంలో లెన్స్‌లకు బూజు పడుతుంది, పెట్టెలో సిలికా జెల్ సంచి వేసి, రంగు మారినప్పుడల్లా ఎండబెట్టి మళ్లీ వేయండి. లెన్స్ తుడవడానికి లెన్స్ పేపరే వాడాలి, చున్నీ, కర్చీఫ్ కాదు. ఆయిల్ వాడిన రోజు దాన్ని అలాగే వదిలేయకుండా, పొడి పేపర్‌తో ఒత్తి తీసి, తర్వాత జైలీన్ ఒక్క చుక్క తడిపిన పేపర్‌తో ఒక్కసారి తుడిచి, మళ్లీ పొడి పేపర్. స్పిరిట్‌తో తుడిస్తే లెన్స్‌లను అతికించిన జిగురు దెబ్బతినే ప్రమాదం ఉంది. పక్కన పెట్టేటప్పుడు 10ఎక్స్‌ను కిందికి తిప్పి, ఐపీస్ తీయకుండా గొట్టంలోనే ఉంచి, ప్లాస్టిక్ కవర్ కప్పండి. ఐపీస్ తీసేస్తే దుమ్మంతా గొట్టంలోంచి ఆబ్జెక్టివ్ వెనక లెన్స్ మీద పడుతుంది, అక్కడ తుడవడానికి చేయి పట్టదు.