పాత క్యాంపర్ వ్యాన్: పార్టులు ముందే మార్చాలా, పాడయ్యాక చూసుకోవాలా?

లాంగ్ ట్రిప్ అనగానే నా చుట్టూ రెండు వాదనలు మొదలవుతాయి. "నడుస్తున్న బండిని కెలకొద్దు సార్, పోయినప్పుడు చూసుకుందాం" అంటాడు షెడ్డులో మెకానిక్. "పిల్లల్ని ఎక్కించుకుని వెళ్తున్నావు బావా, అనుమానం ఉన్నవన్నీ ముందే మార్పించెయ్" అంటాడు మా బావమరిది. మాది ఇరవై ఏళ్లు దాటిన 12 సీట్ల డీజిల్ వ్యాన్. సీట్లు తీసేసి మంచాలు, స్టవ్, నీళ్ల ట్యాంకు పెట్టించాం. మార్పులన్నీ ఆర్సీలో ఎక్కించాం. ఈ ఆరేళ్లలో ఆ ఇద్దరి మాటా విన్నాను. ఇద్దరి మాట వల్లా దెబ్బ తిన్నాను.

మెకానిక్ మాటలో చాలా నిజం ఉంది. మాది మెకానికల్ పంపు ఉన్న పాత డీజిల్ ఇంజన్. సెన్సార్లు లేవు, కంప్యూటర్ లేదు. డీజిల్ లైన్లో గాలి పట్టి ఆగిపోతే, ఫిల్టర్ మీది స్క్రూ కాస్త వదులు చేసి చేతిపంపు నొక్కుతూ ఉండాలి. మొదట నురగ వస్తుంది, తర్వాత బుడగలు, చివరికి చిక్కగా డీజిల్ ఒక్కటే వస్తుంది. అప్పుడు స్క్రూ బిగించి సెల్ఫ్ కొడితే స్టార్ట్ అవుతుంది. మా పన్నెండేళ్ల పాప కూడా చేయగలదు. పైగా హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా హైవే పక్కన షెడ్లు తగులుతూనే ఉంటాయి. విజయవాడ ఆటోనగర్‌కు చేరామంటే పాత బండికి పుట్టిల్లు చేరినట్టే. జాతీయ రహదారి మీద 1033కి ఫోన్ చేసినా సాయం దొరుకుతుంది.

ఇంకో మాట. కొత్త పార్టు అంటే మంచి పార్టని కాదు. ఒకసారి బాగానే ఉన్న వాటర్ పంపును ముందుజాగ్రత్తని మార్పించాను. కొత్తది రెండో ట్రిప్పులోనే కారడం మొదలుపెట్టింది. పాతదాన్ని తుక్కుకు వేసేశామే అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇక రెండో వైపు. శ్రీశైలం నుంచి తిరిగొస్తూ డ్యామ్ దాటి దోమలపెంట వైపు ఘాట్ ఎక్కుతున్నాం. సాయంత్రం అయిదు. ఉన్నట్టుండి బుస్సుమని శబ్దం, ముందంతా ఆవిరి. వెంటనే ఇంజన్ ఆపేశాను. రేడియేటర్ పైభాగానికి తగిలించే రబ్బరు గొట్టం (హోస్) పగిలింది. పైకి చూస్తే నల్లగా నిగనిగలాడుతోంది, ఒక్క పగులు లేదు. క్లిప్ పక్కన బొటనవేలితో నొక్కితే మాత్రం మిగలపండిన అరటిపండులా లోపలికి దిగింది. లోపలి పొర ఎప్పుడో ఊడిపోయింది. ఫోన్‌కు సిగ్నల్ లేదు. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా ఆ అడవి దారి మూసేస్తారు. ఆ టెన్షన్ నేను మర్చిపోలేను. అదృష్టం కొద్దీ పగిలింది చివర్లోనే కాబట్టి, అక్కడికి కోసేసి మిగతాది లాగి బిగించాను. ఇంజన్ పూర్తిగా చల్లారేదాకా ఆగి, తాగడానికి తెచ్చుకున్న నీళ్లు రేడియేటర్‌కు పోశాం. పిల్లలు దాహం అంటుంటే నాకు నోట మాట రాలేదు.

అక్కడే నాకు తేడా తెలిసింది. ఇనుము చాలావరకు చెప్పి పోతుంది. క్లచ్ జారుతుంది, ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్స్ పొగ పెడతాయి, సెల్ఫ్ మూలుగుతుంది, బేరింగ్ గోల పెడుతుంది. రోజుల ముందే కబురు అందుతుంది. రబ్బరు చాలాసార్లు చెప్పదు. చూడటానికి బాగుంటూనే లోపల కుళ్లుతుంది. టైరు కూడా అంతే. దాని పక్క గోడ మీద నాలుగంకెలు ఉంటాయి. 3518 అంటే 2018లో 35వ వారం తయారైందని. క్యాంపర్ ఎక్కువ రోజులు నిలబడే ఉంటుంది కాబట్టి గుబ్బలు అరగవు, రబ్బరు మాత్రం గట్టిపడుతుంది.

బ్రేక్ ఆయిల్‌నీ ఈ లెక్కలోనే వేస్తాను. అది గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ప్రమాణం 155కి పడిపోతుంది. ట్యాంకులో 100 లీటర్ల నీళ్లుంటే 100 కిలోలు. ఆ బరువుతో బ్రేక్ తొక్కుకుంటూ ఘాట్ దిగితే ఆయిల్ మరిగి పెడల్ నేలకు తగులుతుంది. చిన్న గేర్లో దిగాలనేది సరే, రెండేళ్లకోసారి ఆయిల్ మార్చడం కూడా తప్పనిసరి.

కాబట్టి హోసులు, బెల్టులు, టైర్లు, బ్రేక్ ఆయిల్ వరకు నాది బావమరిది మాటే. బాగున్నాయా లేదా అని కాదు, తేదీ చూసి మారుస్తాను. ఇంజన్, గేర్‌బాక్స్, క్లచ్, డైనమా విషయంలో మెకానిక్ మాటే. ఏడాదికోసారి చక్రాల బేరింగులకు గ్రీజు పెట్టించి, బండి బరువు మోసే కమాన్ కట్టల్లో పగుళ్లు చూపిస్తే చాలు. అడవి దారి అయితే మాత్రం మూలిగే సెల్ఫ్‌ను కూడా వదలను. ఏది మార్చినా బయల్దేరే ముందు రోజు మార్చకూడదు. నెల ముందే మార్చి, ఊళ్లో మూడొందల కిలోమీటర్లు తిప్పాలి.

వచ్చే నెల అరకు వెళ్తున్నాం. నాలుగు హోసులూ, రెండు బెల్టులూ మార్పించాను. క్లచ్‌ను ముట్టుకోలేదు. తీసిన బెల్టుల్లో కాస్త బాగున్నదాన్ని పాత లుంగీలో చుట్టి మంచం కింద పెట్టాను. దాని పక్కన ఇరవై లీటర్ల క్యాన్ ఒకటి ఉంది. అది రేడియేటర్‌కే, తాగడానికి వేరే తెస్తున్నాం.