పన్నెండేళ్ల మాట: ఫ్రెండ్స్ ఆఫ్ ది చిల్డ్రన్ మెంటారింగ్ సేవపై సమీక్ష

మెంటారింగ్ పేరుతో పిల్లలకు సేవ చేసే సంస్థలకు లోటు లేదు. ఒక పెద్ద, ఒక విద్యార్థి, వారానికో రెండు వారాలకో ఒకసారి కలుసుకోవడం, ఏడాది చివర ఒక ఫొటో, ఒక ప్రశంసాపత్రం: చాలా కార్యక్రమాల తీరు ఇంతకు మించి ఉండదు. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్ నగరంలో 1993లో మొదలైన ఫ్రెండ్స్ ఆఫ్ ది చిల్డ్రన్ మాత్రం కిండర్‌గార్టెన్‌లో చేయి పట్టుకున్న బిడ్డను హైస్కూలు చదువు ముగిసేదాకా, అంటే పన్నెండేళ్లకు పైగా, ఏం జరిగినా వదలబోమని మాట ఇస్తుంది. నేను ఆ సంస్థలో ఉద్యోగినీ కాను, దాని సాయం పొందిన కుటుంబంవాణ్నీ కాను. బహిరంగంగా ఉన్న నివేదికలనూ పరిశోధనలనూ చదివి, ఆ మాట ఎంతవరకు నిలబడుతోందో, అంత సుదీర్ఘమైన తోడు పిల్లల జీవితాల్లో నిజంగా ఏం మిగులుస్తోందో తూచి చూసే ప్రయత్నం ఇది.

పిల్లలను ఎంచుకునే పద్ధతిలోనే ఈ సేవ మిగతావాటికి భిన్నంగా కనిపిస్తుంది. చాలా కార్యక్రమాల్లో తల్లిదండ్రులు దరఖాస్తు పెట్టుకుంటారు; అంటే బిడ్డ గురించి ఆరా తీసి, కాగితాలు నింపి, వరుసలో నిలబడే ఓపిక ఉన్న కుటుంబాలే ముందుగా లోపలికి వస్తాయి. ఇక్కడ సంస్థవారే పేదరికం ఎక్కువగా ఉన్న ప్రాంతాల బడులకు వెళ్లి, చిన్న తరగతుల పిల్లలను కొన్ని వారాలపాటు గమనించి, ఉపాధ్యాయులతో మాట్లాడి, ఎవరి చుట్టూ ఇబ్బందులు అందరికంటే ఎక్కువగా ముసురుకుని ఉన్నాయో వారినే ఎంచుకుని, ఆపైన కుటుంబం అనుమతి అడుగుతారు. కన్నవారి దగ్గర కాక ప్రభుత్వ సంరక్షణలో పెరుగుతున్న పిల్లలను కూడా ఇటీవలి కాలంలో ఎక్కువగా తీసుకుంటున్నారు. సులభంగా బాగుపడే పిల్లలను ఏరుకుని ఫలితాలు చూపించుకునే అవకాశాన్ని ఈ పద్ధతి చాలావరకు తీసివేస్తుంది కాబట్టి, ఈ ఒక్క అంశానికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

రెండో ప్రత్యేకత జీతం. ఇక్కడి మెంటర్ తీరిక దొరికినప్పుడు వచ్చే స్వచ్ఛంద సేవకుడు కాడు, పూర్తికాలపు ఉద్యోగి. సంస్థలో ఆ ఉద్యోగిని ఫ్రెండ్ అనే పిలుస్తారు. పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్న దశలో ఒక్కో ఫ్రెండ్ చేతికింద సుమారు ఎనిమిది మందే ఉంటారు. ఒక్కో బిడ్డకు వారానికి మూడు నాలుగు గంటల సమయం దక్కుతుంది. అందులో కొంత భాగం తరగతి గదిలో బిడ్డ పక్కన కూర్చోవడానికీ, ఉపాధ్యాయురాలితో మాట్లాడడానికీ పోతుంది. మిగతాది బడి వదిలాక గడిచే సాయంత్రాలది. హోంవర్కు చేయించడం, లైబ్రరీకో ఆటస్థలానికో తీసుకువెళ్లడం, ఇంట్లో పెద్దలకు ఏదైనా కార్యాలయంలో పని పడితే దారి చూపడం వంటివన్నీ ఆ గంటల్లోకే వస్తాయి. బడి మారినా, ఇల్లు మారినా, తండ్రో తల్లో జైలుకు వెళ్లి బిడ్డ బంధువుల ఇంటికి చేరినా, వెతుక్కుంటూ వెళ్లవలసిన బాధ్యత మెంటర్‌దే.

ఈ నమూనాకు మూలపురుషుడు డంకన్ క్యాంప్‌బెల్. మద్యానికి బానిసలైన తల్లిదండ్రుల దగ్గర పోర్ట్‌లాండ్‌లోనే పెరిగి, అడవుల పెట్టుబడుల వ్యాపారంలో ఆస్తి సంపాదించిన ఆయన, తనలాంటి పిల్లలకు ఏది పనికివస్తుందో పరిశోధకులను అడిగి మరీ ఈ పనికి పూనుకున్నారు. ఆ పరిశోధకుల ముందున్న ఆధారాల్లో ప్రసిద్ధమైనది హవాయి దీవుల్లోని కవాయిలో ఎమీ వెర్నర్ బృందం సాగించిన అధ్యయనం. 1955లో అక్కడ పుట్టిన 698 మంది పిల్లలను దశాబ్దాల తరబడి గమనించినప్పుడు, తీవ్రమైన కష్టాల మధ్య పెరిగినవారిలో సుమారు మూడోవంతు మంది సమర్థులుగా, నిబ్బరం గల మనుషులుగా ఎదిగారు. అలా ఎదిగినవారి జీవితాల్లో తరచుగా కనిపించినది, కన్నవారు కాకపోయినా స్థిరంగా అంటిపెట్టుకుని ఉన్న ఒక పెద్ద మనిషి. అవ్వో, మేనమామో, ఉపాధ్యాయురాలో, ఎవరైనా కావచ్చు. అలాంటి మనిషి దొరకడం అదృష్టం మీద ఆధారపడి ఉన్నప్పుడు, ఆ స్థానాన్ని జీతమిచ్చి నింపవచ్చా అన్నదే ఈ సంస్థ చేస్తున్న ప్రయోగం అని నేను అర్థం చేసుకున్నాను.

జీతం అనగానే చాలామందికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ప్రేమను కొనుక్కుంటారా అని అడుగుతారు. కానీ స్వచ్ఛంద మెంటారింగ్ చరిత్ర చదివితే ఆ అభ్యంతరం నిలవదు. 1904లో న్యూయార్క్ బాలల న్యాయస్థానంలో గుమస్తాగా ఉన్న ఎర్నెస్ట్ కౌల్టర్ చొరవతో మొదలైన ఉద్యమం నుంచి ఎదిగిన బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ ఈ రంగంలో అన్నిటికంటే పేరున్న సంస్థ. దాని మీద 1995లో వెలువడిన పెద్ద అధ్యయనంలో 10 నుంచి 16 ఏళ్ల మధ్య వయసున్న 959 మందిని పరిశీలించారు. మెంటర్ దొరికినవారు ఏడాదిన్నర తరువాత, ఎదురుచూపుల జాబితాలో మిగిలినవారితో పోలిస్తే, మాదకద్రవ్యాల జోలికి కొత్తగా వెళ్లే అవకాశం 46 శాతం, బడి ఎగ్గొట్టే అవకాశం 52 శాతం తక్కువగా ఉందని తేలింది. ఈ అంకెలు ఊరూరా మారుమోగాయి. అంతగా మారుమోగనిది, అదే సమాచారాన్ని తిరగేసి జీన్ గ్రాస్‌మన్, జీన్ రోడ్స్ 2002లో ప్రచురించిన విశ్లేషణ. ఏడాదికి పైగా సాగిన జతల్లోనే మేలు స్పష్టంగా కనిపించింది. మూడు నెలల లోపే తెగిపోయిన జతల్లో పిల్లల ఆత్మగౌరవమూ, చదువులో తాము రాణించగలమన్న నమ్మకమూ మునుపటికంటే తగ్గాయి. అంటే మధ్యలో వదిలిపెట్టిన మెంటర్ వల్ల ఆ బిడ్డకు నష్టమే జరిగింది.

బడి ఆవరణలోనే నడిచే మెంటారింగ్ మీద అదే సంస్థలో జరిగి 2007లో వెలువడిన మరో అధ్యయనం కూడా ఇటువైపే చూపుతుంది. పది నగరాల్లో 1,139 మంది విద్యార్థులతో జరిగిన ఆ పరీక్షలో మొదటి ఏడాది చివర చదువులో కొంత మెరుగు కనిపించింది. ఆ మరుసటి ఏడాది చాలామందికి మెంటర్ లేకుండా పోవడంతో ఆ మెరుగు చాలావరకు నిలవలేదు. ఉద్యోగం మారడం, పెళ్లి, ఊరు మారడం, పరీక్షలు వంటివి స్వచ్ఛంద సేవకుల జీవితంలో సహజం, వారిని తప్పు పట్టలేం. వ్యవస్థనే వారి తీరిక మీద నిలబెట్టడం తప్పు. ఫ్రెండ్స్ ఆఫ్ ది చిల్డ్రన్ సరిగ్గా ఆ లోపాన్నే సరిదిద్దడానికి పుట్టింది కాబట్టి, దాని రూపకల్పన ఈ రంగంలో నేను చదివినవాటన్నిటిలోకీ ఆలోచనతో కూడినదని చెప్పడానికి సంకోచించను.

ఇక ఫలితాల సంగతి. కార్యక్రమం ముగించిన యువతలో 83 శాతం మంది హైస్కూలు డిప్లొమా లేదా దానికి సమానమైన అర్హత సాధిస్తున్నారని, 93 శాతం మంది బాల నేరస్థుల న్యాయ వ్యవస్థలో చిక్కుకోకుండా ఉంటున్నారని, 98 శాతం మంది చిన్న వయసులో తల్లిదండ్రులు కాకుండా ఉంటున్నారని సంస్థ చెబుతుంది. ఎంచుకున్న పిల్లల నేపథ్యాన్ని బట్టి చూస్తే ఇవి గొప్ప అంకెలే. అయితే పాఠకుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: వీటి పక్కన పోల్చి చూడడానికి, అవే ఇబ్బందుల్లో ఉండి మెంటర్ దొరకని పిల్లల అంకెలు లేవు. మధ్యలో ఊరు విడిచి కార్యక్రమానికి దూరమైన కుటుంబాలను ఎక్కడ లెక్కవేశారన్నది కూడా ఈ శాతాలను మార్చగలదు. ఖర్చుపెట్టిన ఒక్కో డాలరుకు సమాజానికి ఏడు డాలర్లు తిరిగి వస్తాయన్న ప్రచారం కూడా ఇదే కోవలోది. దాతను ఒప్పించడానికి సరిపోతుందేమో గాని, సమీక్షకుణ్ని ఒప్పించడానికి చాలదు.

మెచ్చుకోవలసిన విషయం ఏమిటంటే, ఈ సంస్థ కఠినమైన పరీక్షకు తానే తలవంచింది. 2007లో మొదలుపెట్టి బోస్టన్, న్యూయార్క్, పోర్ట్‌లాండ్, సియాటిల్ నగరాల్లో సుమారు 280 మంది పిల్లలను యాదృచ్ఛికంగా రెండు బృందాలుగా విడగొట్టి, ఒక బృందానికి మాత్రమే ఫ్రెండ్‌ను ఇచ్చి, జె. మార్క్ ఎడ్డీ నేతృత్వంలోని పరిశోధకులు ఏళ్ల తరబడి గమనించారు. మొదటి అయిదేళ్ల ఫలితాలు 2017లో వచ్చాయి. బడిలో బిడ్డ ప్రవర్తన మెరుగుపడిందని, గొడవల్లో ఇరుక్కోవడం తగ్గిందని సంరక్షకులు చెప్పినదాంట్లో రెండు బృందాల మధ్య తేడా కనిపించింది. భావోద్వేగ బలాల విషయంలో మొగ్గు అటువైపే ఉన్నా గట్టిగా చెప్పదగినంత తేడా రాలేదు. మొత్తంగా ఆ ప్రభావం పరిమాణంలో ఇతర మెంటారింగ్ కార్యక్రమాల్లో మామూలుగా కనిపించేంతే. ప్రచార పత్రాల్లోని 83, 93, 98లు చదివి వచ్చినవారికి ఇది చప్పగా అనిపిస్తుంది. నాకు మాత్రం ఇది నిరాశ కలిగించలేదు: పన్నెండేళ్ల సేవను అయిదో ఏట కొలిచినప్పుడు పదేళ్ల బిడ్డ ఇంకా చదువు మానే వయసుకూ, చెడు సావాసాల వయసుకూ రానే లేదు. అయినా, పెద్ద మార్పు రుజువైందని ఈ అధ్యయనాన్ని చూపి ఎవరైనా అంటే ఒప్పుకోవడం కష్టం.

దీర్ఘకాలం అన్న మాటకే మురిసిపోయేవారు మసాచుసెట్స్‌లో 1939లో మొదలైన కేంబ్రిడ్జ్–సోమర్‌విల్ అధ్యయనం గురించి తప్పక తెలుసుకోవాలి. అక్కడ 506 మంది బాలురను జతలుగా కూర్చి, ప్రతి జతలో ఒకరికి సలహాదారును నియమించారు. ఆ సలహాదారులు సగటున నెలకు రెండుసార్లు ఇంటికి వెళ్లి, చదువులో సాయపడి, వైద్యం చేయించి, వేసవి శిబిరాలకు పంపి, సగటున అయిదున్నరేళ్లు తోడున్నారు. పెద్దవాళ్లయ్యాక చాలామంది ఆ సలహాదారులను ప్రేమగా తలచుకున్నారు కూడా. కానీ ముప్పయ్యేళ్ల తరువాత జోన్ మెక్‌కార్డ్ వారి జీవితాలను వెతికి 1978లో రాసినదాని ప్రకారం, సాయం అందుకున్నవారిలోనే మళ్లీ మళ్లీ నేరం చేసినవారు, మద్యపానానికి లోనైనవారు, త్వరగా మరణించినవారు ఎక్కువ. తరువాతి విశ్లేషణలో ఆ కీడు ఎక్కువగా ఒకటికి మించి వేసవి శిబిరాలకు వెళ్లిన బాలుర్లోనే కనిపించడంతో, ఇబ్బందుల్లో ఉన్న పిల్లలను ఒకచోట పోగుచేసి వదిలేస్తే ఒకరి నుంచి ఒకరు ఏం నేర్చుకుంటారన్న ప్రశ్న ముందుకు వచ్చింది. పాల్గొన్నవారి కృతజ్ఞత ఫలితానికి కొలత కాదని ఇంత నిర్దాక్షిణ్యంగా చెప్పిన అధ్యయనం మరొకటి నాకు తెలియదు.

ఆ వెలుగులో చూస్తే ఫ్రెండ్స్ ఆఫ్ ది చిల్డ్రన్ పద్ధతిలో ఒక జాగ్రత్త కనిపిస్తుంది. సేవకు వెన్నెముక గుంపు కార్యక్రమాలు కావు, ఒక్క బిడ్డతో ఒక్క మనిషి గడిపే సమయం. ఇది కాగితం మీది నియమంగా మిగలకుండా చూడడం శాఖలు పెరిగేకొద్దీ కష్టమవుతుంది. ఎనిమిది మందిని విడివిడిగా చూసుకునే మెంటర్‌కు ఒకే సాయంత్రం నలుగురిని కలిపి తీసుకువెళ్లడం చాలా తేలిక. కొత్త నగరంలో శాఖ తెరిచినప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న ఒంటరి సమయం ఎన్ని గంటలు, గుంపు సమయం ఎన్ని గంటలు అన్నదే.

ఈ సేవలో నాకు కనిపించే అసలు బలహీనత వేరు. మాట పన్నెండేళ్లదైనా, ఆ మాట ఇచ్చేది సంస్థ; నిలబెట్టే ఉద్యోగి మాత్రం ఏదో ఒక రోజు మారతాడు. ఆరో ఏట నుంచి పద్దెనిమిదో ఏట వరకు ఒకే ఫ్రెండ్ ఉండడం అందరికీ సాధ్యం కాదు. స్వచ్ఛంద సేవకుడు మూడో నెలలో మాయం కావడంతో పోలిస్తే, కొన్నేళ్ల తరువాత పాత ఫ్రెండ్ కొత్త ఫ్రెండ్‌ను బిడ్డకు పరిచయం చేసి, కొన్నాళ్లు ఇద్దరూ కలిసి వచ్చి అప్పగించడం ఎంతో మేలు. అయినా విడిపోవడం విడిపోవడమే, అందులోనూ పెద్దలు వెళ్లిపోవడం చిన్ననాటి నుంచీ చూసిన పిల్లలకు. కవాయి పరిశోధన ఒకే మనిషి నిలకడను చూపింది; ఆ నిలకడను చేతులు మారే ఏర్పాటుగా మార్చితే ఎంత మిగులుతుందో ఇప్పటివరకు నేను చదివిన నివేదికలేవీ విడదీసి చెప్పలేదు. మెంటర్ మారిన పిల్లలనూ మారని పిల్లలనూ వేరుచేసి చూపే వార్షిక లెక్క ఒకటి సంస్థ తానుగా ప్రచురిస్తే, ఆ మూడు ఆకర్షణీయమైన శాతాలకంటే దానికే ఎక్కువ విలువ ఇస్తాను.

ఖర్చు గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. ఒక పూర్తికాలపు జీతాన్ని ఎనిమిది మంది పిల్లలకు పంచి, దాన్ని పన్నెండుతో గుణిస్తే వచ్చే మొత్తం ఏ స్వచ్ఛంద కార్యక్రమానికంటే ఎన్నో రెట్లు ఉంటుంది. కాబట్టి ఇది ప్రతి బడిలో ప్రతి విద్యార్థికీ పెట్టగల సేవ కాదు; ఉపాధ్యాయుల సాధారణ శ్రద్ధ, సాయంత్రపు ట్యూషన్ సరిపోయే పిల్లలకు ఇది అవసరమూ లేదు. అత్యంత కష్టంలో ఉన్న కొద్దిమందికే దీన్ని పరిమితం చేయడం ఈ కారణంగానే సబబు.

ఇంతకీ సిఫారసు చేస్తానా? చేస్తాను. రూపకల్పనకు, పరీక్షకు నిలబడిన ధైర్యానికి ఎక్కువ మార్కులు, రుజువైన ఫలితాలకు మధ్యస్థం, ప్రచారంలోని లెక్కలకు తక్కువ. ఈ నమూనాను చూసి తమ దగ్గర చిన్న స్థాయిలో ఏదైనా మొదలుపెట్టాలనుకునేవారు పేరును, లోగోను, పిక్నిక్‌లను వదిలేసి, మూడు విషయాలు మాత్రం యథాతథంగా తీసుకోవచ్చు: పిల్లలను బడి ద్వారా మనమే వెతుక్కోవడం, మెంటర్‌కు జీతమివ్వడం, ఒక్కొక్కరికి అప్పగించే పిల్లల సంఖ్యను పెరగనివ్వకపోవడం. ఈ మూడింటికీ కనీసం అయిదేళ్ల డబ్బు ముందుగా చేతిలో లేకపోతే, మొదటి బిడ్డను చేర్చుకోకుండా ఆగడమే మంచిది.