సెకండ్ హ్యాండ్ ఫోర్ బై ఫోర్: జిప్సీయా, థారా, జిమ్నీయా?

వానలు మొదలయ్యాయంటే చాలు, ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఎక్కువవుతారు. "అన్నా, ఆఫ్‌రోడింగ్, అదే రోడ్డు లేని చోట బండి నడపడం, మొదలుపెడదామనుకుంటున్నా. కొత్త బండికి అంత బడ్జెట్ లేదు. సెకండ్ హ్యాండ్‌లో ఏది తీసుకోమంటావు?" ఎవరి లిస్టు చూసినా చివరికి మిగిలే ఫోర్ బై ఫోర్‌లు (నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే బండ్లు) నాలుగు: మారుతి జిప్సీ, 2010 నుంచి వచ్చిన మహీంద్రా పాత థార్ సీఆర్‌డీఈ (డీజిల్), 2020లో వచ్చిన కొత్త థార్, మారుతి జిమ్నీ. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

నాలుగింటికీ లాడర్ ఫ్రేమ్ (నిచ్చెనలా ఉండే గట్టి ఇనుప ఛాసిస్) ఉంది, లో రేంజ్ (వేగం తగ్గించి లాగే బలం పెంచే అదనపు గేర్) ఉంది. కాబట్టి ఎంపిక వాటి మీద తేలదు. హార్స్‌పవర్ మీద కూడా తేలదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు తేల్చిచెప్పేది బండి బరువేనని నా గట్టి నమ్మకం.

సాఫ్ట్ టాప్ జిప్సీ ఇంచుమించు వెయ్యి కిలోలు. జిమ్నీ 1,200 దగ్గర. థార్ పాతదైనా కొత్తదైనా 1,700 దరిదాపుల్లో ఉంటుంది. ఈ ఐదొందల నుంచి ఏడొందల కిలోల తేడా తారురోడ్డు మీద తెలియదు. చెరువులో దిగితే తెలుస్తుంది. ఎండాకాలంలో నీళ్లు ఇంకిపోయిన చెరువు చూడండి. పైన మట్టి నెర్రెలిచ్చి గట్టిగా కనిపిస్తుంది, కాలితో తొక్కి చూసినా దిగదు. కానీ చాలాచోట్ల ఆ పెచ్చు జానెడు మందం కూడా ఉండదు, దాని కింద ఒండ్రు ఇంకా పచ్చిగానే ఉంటుంది. జిప్సీ ఆ పెచ్చు మీదుగా వెళ్లిపోయే చోట థార్‌కి పెచ్చు పగులుతుంది. పగిలిందా, చక్రాలు దిగబడి ఛాసిస్ మట్టి మీద కూర్చుంటుంది. అలా కూర్చున్నాక, రెండు చక్రాలనూ కలిపి ఒకేలా తిప్పే ఏ లాకింగ్ డిఫరెన్షియలూ ఆదుకోదు, ఎందుకంటే చక్రాలకు పట్టు దొరికే నేలే అందదు.

నల్లరేగడిలోనూ ఇంతే. తాండూరు వైపు కందిచేల మధ్య బాటల్లో ఒక మంచి వాన పడ్డాక వెళితే, టైరు గాడుల్లో మట్టి కూరుకుపోయి టైరు నున్నగా తయారవుతుంది. బాట కాస్త పక్కకు వాలి ఉంటే బండి అటే జారుతుంది. తేలిక బండీ జారుతుంది, కానీ ఇద్దరు దిగి భుజం పెట్టి తోస్తే మళ్లీ బాటలోకి వస్తుంది. థార్‌ని అలా తోయలేరు. ట్రాక్టర్ రావాలి. వాన పడ్డ రోజు రైతు తన పని వదులుకుని ట్రాక్టర్ తెచ్చి, తన చేలో మీ టైర్ల గాడులు పడుతుంటే చూస్తూ లాగాలి. ఆయన్ను ఆ ఇబ్బంది పెట్టకుండా బయటపడగలిగే బండి ఉండటం నాకు చాలా పెద్ద విషయం.

అనంతగిరి గుట్టల ఎర్రమట్టి, రాతి బాటల లెక్క వేరు. అక్కడ పట్టు దొరుకుతుంది, థార్ హాయిగా నడుస్తుంది. పాత థార్‌లోని 2.5 లీటర్ల డీజిల్ ఇంజిన్ 247 ఎన్ఎం టార్క్ (చక్రాలను తిప్పే బలం) ఇస్తుంది. లో రేంజ్‌లో ఫస్ట్ గేర్ వేసి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసినా రాళ్ల మీద నెమ్మదిగా పాకుతూ పోతుంది. భయంతో రేస్ చేసే అలవాటున్న కొత్తవాళ్లకు ఇది గొప్ప భరోసా. జిమ్నీ పెట్రోల్ ఇంజిన్ ఇచ్చేది 134 ఎన్ఎం. దాన్ని కాస్త రేస్‌లో ఉంచాలి, క్లచ్ జాగ్రత్తగా వదలాలి. అరకు దగ్గర కటికి జలపాతానికి జీపులు ఎక్కే బాట లాంటివే మీ మనసులో ఉంటే పాత థార్ తీసుకోండి, నేను కాదనను. చిన్న ఊళ్లలో కూడా దాన్ని విప్పి బిగించగల మెకానిక్ దొరుకుతాడు.

కానీ మనలో ఎక్కువమందికి ఆదివారం పూట అందుబాటులో ఉండేవి పొలం బాటలు, చెరువులు, వాగుల్లో ఇసుక. అక్కడ తేలిక బండిదే పైచేయి. పైగా తేలిక బండి ఖర్చు కూడా తక్కువ పెడుతుంది. గుంతలో పడ్డ ప్రతిసారీ ఆ బరువంతా బుష్‌లు, బాల్ జాయింట్లే మోయాలి. పాత థార్‌కి ముందు సస్పెన్షన్ ఇండిపెండెంట్, కాబట్టి కొనేముందు ముందు చక్రాలు పైకి లేపి బాల్ జాయింట్లు ఊగుతున్నాయేమో, యాక్సిల్ రబ్బరు బూట్లు చిరిగాయేమో తప్పకుండా చూడాలి. జిప్సీకి, జిమ్నీకి ముందూ వెనకా రిజిడ్ యాక్సిళ్లే, అంటే రెండు చక్రాలనూ ఒకే గట్టి ఇరుసు కలుపుతుంది. ఒక చక్రం రాయెక్కితే అవతలి చక్రం నేలకు నొక్కుకుంటుంది.

మరి అన్నిటికంటే తేలికైన జిప్సీనే ఎందుకు కొనమనను? కొందరికి చెబుతాను కూడా. ఇంట్లో ఇంకో కారు ఉండి, దీన్ని ఆటకే వాడుకునేవాళ్లకు జిప్సీని మించింది లేదు. కానీ నాలుగు వైపులా కమాన్ పట్టీలే, రోజూ ఆఫీసుకు నడిపితే నడుం పట్టేస్తుంది. మామూలు కొనుగోలుదార్లకు అమ్మడం ఆపేసి ఏళ్లు గడిచాయి, కాబట్టి బాగున్న బండి దొరకడం కష్టం. ఆర్మీ వేలంలో వచ్చినవి చాలానే తిరుగుతుంటాయి. వాటికి ఆర్సీలో తయారీ సంవత్సరం, ఛాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్ మూడూ బండి మీద ఉన్నవాటితో సరిపోతేనే అడ్వాన్స్ ఇవ్వండి.

తుప్పు సంగతి ఒకటి. బండి కింద కొత్తగా నల్లరంగు కొట్టి ఉంటే అనుమానించాలి. చిన్న సుత్తి తీసుకెళ్లి ఛాసిస్ పొడవునా తట్టుకుంటూ పొండి. మంచి ఇనుము టంగుమంటుంది. తుప్పు తిన్నచోట శబ్దం మొద్దుబారుతుంది, రంగు పెచ్చులుగా రాలుతుంది. వెనక కమాన్ పట్టీలు బిగించే చోట మరీ జాగ్రత్తగా చూడండి.

లో రేంజ్ పనిచేస్తుందో లేదో మెత్తటి మట్టి మీదే చూడాలి, తారు మీద వద్దు. ముందు, వెనక చక్రాలను వేర్వేరు వేగంతో తిరగనిచ్చే సెంటర్ డిఫరెన్షియల్ ఈ బండ్లకు ఉండదు కాబట్టి తారు మీద ఫోర్ వీల్‌లో తిప్పితే గేర్ల మీద ఒత్తిడి పడుతుంది. మట్టిలో లో రేంజ్ వేసి, ముందు చక్రాలు నిజంగా లాగుతున్నాయో లేదో పక్కన ఒక మనిషిని నిలబెట్టి చూడమనండి. చాలామంది ఓనర్లు ఏళ్ల తరబడి ఆ లివర్ ముట్టుకోరు, అది బిగుసుకుపోయి ఉంటుంది.

కొత్త థార్ గురించి: సుఖం, సేఫ్టీ పాత థార్‌తో పోల్చలేం, 650 మిల్లీమీటర్ల లోతు నీళ్లలో వెళ్లొచ్చని కంపెనీయే చెబుతుంది. ఒకటే హెచ్చరిక. 2023 జనవరి నుంచి వెనక చక్రాలతో మాత్రమే నడిచే మోడల్ కూడా వచ్చింది. బయటి నుంచి చూస్తే పోల్చుకోవడం కష్టం, లోపల గేర్ లివర్ పక్కన ఫోర్ వీల్ వేసే రెండో లివర్ ఉందో లేదో చూసుకోండి.

ఢిల్లీ నుంచి తక్కువ ధరకు వచ్చే డీజిల్ థార్లు చూసి తొందరపడొద్దు. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్లకు ఇబ్బంది కాబట్టే ఆ ధర. ఎన్‌ఓసీ, ఇక్కడి రీ-రిజిస్ట్రేషన్, లైఫ్ ట్యాక్స్ అన్నీ కలిపితే లాభం చాలావరకు కరిగిపోతుంది.

ఫోర్స్ గూర్ఖా దమ్మున్న బండి, ముందూ వెనకా డిఫరెన్షియల్ లాకులున్నాయి, కాకపోతే బరువు, సర్వీస్ దూరం. నాలుగు చక్రాలూ లాగే డస్టర్ ఏడబ్ల్యూడీకి లో రేంజ్ లేదు. పాత సఫారీ, స్కార్పియో ఫోర్ బై ఫోర్‌లు మొదటి బండిగా వద్దు.

నేనైతే ఈ మధ్య జిమ్నీ మాన్యువల్ తీసుకున్నాను. ఐదు డోర్లు, ఏసీ, ఎయిర్‌బ్యాగులు, ఇంట్లోవాళ్లు గొణగకుండా ఎక్కుతారు. గాల్లో తేలి ఊరికే తిరిగే చక్రానికి తనే బ్రేక్ వేసి రెండో చక్రానికి బలం పంపుతుంది. జిప్సీకి ఆ సదుపాయం లేదు. లోపం ఏంటంటే వీల్‌బేస్ 2,590 మిల్లీమీటర్లు. జిప్సీది 2,375 మాత్రమే. అందుకే నిటారు గట్టు దాటేటప్పుడు జిమ్నీకి పొట్ట తగులుతుంది, ఏటవాలుగా ఎక్కడం నేర్చుకోవాలి.

ఏది కొన్నా బడ్జెట్ అంతా బండికే పెట్టేయకండి. మంచి టైర్లు, గాలి తగ్గించి మళ్లీ నింపుకునే చిన్న కంప్రెసర్, సాగే రికవరీ తాడు, రెండు షాకిల్స్ (తాడును బండికి కలిపే ఇనుప కొండీలు)కి డబ్బు మిగుల్చుకోండి. తాడును ఛాసిస్‌కి బిగించిన హుక్‌కే తగిలించండి. ట్రైలర్ తగిలించే టో బాల్‌కి మాత్రం ఎప్పుడూ వద్దు, అది విరిగి ఎగిరొచ్చి తగిలి మనుషులు చనిపోయారు. మొదటిసారి వెళ్లేటప్పుడు రెండో బండి ఉండాల్సిందే. రిజర్వ్ ఫారెస్ట్ బాటల జోలికి అనుమతి లేకుండా వెళ్లొద్దు. విత్తనం పడ్డ చేలో టైరు పెట్టొద్దు.