ముడతల పొరా, చెక్క రెక్కా: ఏది మేలు?

ప్రాజెక్టుల టైం వచ్చిందంటే మా అనంతపురం పిల్లలది ఒకటే ప్రశ్న: "సార్, నీళ్లు తగిలితే పైరూపు మారే మెటీరియల్ చేస్తాం. ముడతలు పడే పొరా, పైన్ కాయలా ముడుచుకుని విచ్చుకునే చెక్కా?" ఈసారి నాలుగు బ్యాచ్‌లు అడిగాయి, అందుకే రాసి పెడుతున్నా.

ముడతల పొర చూడ్డానికి ఎంత బాగుంటుందో! మెత్తటి సిలికోన్ రబ్బరు మీద పాలీవినైల్ ఆల్కహాల్ అనే, తేమను పీల్చే ప్లాస్టిక్‌తో పలుచటి పూత. తేమకు పూత ఉబ్బుతుంది, కింది రబ్బరు పక్కకు జరగనివ్వదు, దాంతో ముడతలై పైకి లేస్తుంది. నోటితో ఊదితే చాలు, తేటగా ఉన్నది మసకబారుతుంది.

నేను మాత్రం చూసేది ఒక్కటే. ఆరాక మళ్లీ మొదటికి వస్తుందా? చిన్నప్పుడు బడి గోడ పక్కన దొరికే ఎండుకాయ కొసకు ఉమ్మి తడిపి అరచేతిలో పెట్టుకునేవాళ్లం. టప్పున పేలి గింజలు చిమ్మేది. ఆ కాయకు అదే ఆఖరు. ఊటీ నుంచి ఒకమ్మాయి తెచ్చిన పైన్ కాయ అట్లా కాదు. నీళ్లలో వేస్తే పొలుసులన్నీ దగ్గరికి ముడుచుకున్నాయి, ఎండలో పెడితే మళ్లీ విచ్చుకున్నాయి. ఎన్నిసార్లు చేసినా అంతే. అందులో ప్రాణం లేదు. పొలుసు బయటి పొర లోపలి పొరకన్నా ఎక్కువ ఉబ్బడమే కారణం.

ఉత్త పాలీవినైల్ ఆల్కహాల్ నీళ్లలో కరిగిపోతుంది. ఊపిరికి ఓర్చుకున్న పూత వానకు ఓర్చుకోదు. కరగకుండా దాని అణువుల గొలుసుల్ని ఒకదానికొకటి ముడివేయొచ్చు (క్రాస్‌లింక్) గానీ ఆ ముడులు తక్కువైతే కరుగుతుంది, ఎక్కువైతే ఉబ్బదు. కాలేజీ ల్యాబులో ఆ మోతాదు కుదిరేసరికి సెమిస్టర్ అయిపోతుంది.

అందుకే నా ఓటు చెక్కకే. 2012లో జర్మన్ ఆర్కిటెక్ట్ ఆకిమ్ మెంగెస్ బృందం పారిస్‌లోని పాంపిడూ సెంటర్ అనే కళాకేంద్రంలో పెట్టిన హైగ్రోస్కోప్ అనే ప్రదర్శనలో చెక్క రెక్కలు మోటారు, కరెంటు లేకుండా గాలిలో తేమకే కదిలాయి. మన దగ్గర పొడిగాలి కాబట్టి తడిపిన రెక్క త్వరగా ఆరి, ఒక్క క్లాసులోనే రెండు మూడుసార్లు చూపించొచ్చు.

వేరే దారులూ ఉన్నాయి గానీ పనికిరావు. తామరాకులాంటి పూత నీటిని జార్చేస్తుందే తప్ప తాను మారదు. నీళ్లు పీల్చి ఉబ్బే జెల్లీలాంటి హైడ్రోజెల్ మందంగా పోస్తే తడవడానికీ ఆరడానికీ చాలా టైం పడుతుంది.

చెక్క తీసుకునేవాళ్లకు ఒక్క మాట. వెనీర్‌కు, అంటే పలుచటి చెక్క రేకుకు, ఒకవైపు నీళ్లకు ఉబ్బని ప్లాస్టిక్ షీటు అతికించండి, జిగురు నీళ్లకు ఊడనిది కావాలి. పట్టీ పొడవు చెక్క నారకు అడ్డంగా వచ్చేలా కోయండి. చెక్క ఉబ్బేది అడ్డంగానే, నార వెంబడి దాదాపు ఉబ్బదు. పోయినేడు ఒక బ్యాచ్ పట్టీ పొడవు నార వెంబడి వచ్చేలా కోసి, పట్టీ వంగట్లేదని రెండు రోజులు టెన్షన్ పడింది.