కర్నూలులో ‘నవాబుల నాటి పటాలు’ చూపిస్తామంటే ముందు ఇది చదవండి

కర్నూలు పాతబస్తీలో ఒక పాత వంశం వారి ఇంట్లోని చిత్రపటాలు చూపిస్తామంటూ మనిషికి 1500 రూపాయలు తీసుకుంటున్నారు. డబ్బు ముందే ఫోనులో పంపాలి, రసీదు ఉండదు. వెళ్తే ఆ వంశం వారెవరూ కనిపించరు. మధ్యవర్తి ఒక్కడే తలుపు తీసి, టీ ఇచ్చి, కాసేపటికే ధరలు చెప్పడం మొదలుపెడతాడు. సందర్శన పేరు మాత్రమే, జరిగేది బేరం.

హాలులో పెద్ద పటం ఒకటుంది. తలపాగా, ముత్యాల హారం, కింద ఇత్తడి రేకు మీద ‘కర్నూలు నవాబు దర్బారు, 1862’. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను ఈస్టిండియా కంపెనీ 1839లోనే గద్దె దించి తిరుచిరాపల్లికి తరలించింది. మరి 1862లో దర్బారు తీర్చిందెవరు? అడిగితే ‘రేకు తరవాత కొట్టించారు సార్’ అన్నాడు. పటం వెనకవైపు చూస్తానంటే పురుగుమందు కొట్టాం, ముట్టుకోవద్దన్నాడు. అతను ఫోను మాట్లాడటానికి బయటికి వెళ్లినప్పుడు చట్రం కొంచెం వంచి చూశాను. కొత్త ప్లైవుడ్డు, తళతళలాడే స్టేప్లర్ పిన్నులు, ఇంకా పోని వార్నిష్ వాసన.

రెండో సరుకు ‘రవివర్మ స్వహస్తంతో గీసిన’ లక్ష్మి, లక్షల్లో ధర. భూతద్దం పెడితే రంగంతా చిన్న చిన్న చుక్కలు. అది ఓలియోగ్రాఫు, అంటే అచ్చు బొమ్మ. రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టాక ఇలాంటివి వేలకు వేలు ఇల్లిల్లూ చేరాయి. పాత అచ్చుకూ విలువ ఉంటుంది, కాదనను. దాన్ని తైలవర్ణ చిత్రమని అమ్మడమే మోసం.

కొనే ఆలోచన ఉన్నవారు ఒక్క మాట అడగండి: రిజిస్ట్రేషన్ పత్రం ఏదీ? 1972 నాటి పురావస్తు చట్టం కింద నూరేళ్లు దాటిన చిత్రాలను రిజిస్టరు చేయించాలి, వాటి వ్యాపారానికి లైసెన్సు ఉండాలి. ఆ మాట అడిగిన క్షణం నుంచి నాకు ‘సార్’ అనే పిలుపు పోయింది, టీ కప్పు కూడా తీసేశారు.

టికెట్టు డబ్బు తిరిగి ఇవ్వలేదు. చెల్లింపు వివరాలు జతచేసి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. మీరూ డబ్బు కట్టి ఉంటే ఫోనులో వచ్చిన సందేశాలు చెరిపేయకండి.