ముందు జుట్టు పలచబడిందని నల్లగొండ నుంచి హైదరాబాద్‌కు

మా తమ్ముడికి 25 నిండాయి. నుదుటికి రెండు మూలల్లో జుట్టు కాస్త వెనక్కి జరిగింది, అంతే. మాడు మీద ఒత్తుగానే ఉంది. సంబంధాలు చూడటం మొదలయ్యాక మాత్రం వాడికి అదే పెద్ద టెన్షన్ అయి కూర్చుంది. బయోడేటాకు ఫోటో దిగమంటే టోపీ తీయనన్నాడు. హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకుంటానని డబ్బులు కూడా జమ చేసుకున్నాడు. ఒక్కడే పోతే ఎవరేం చెప్పినా సరేనని వస్తాడని నేను తోడు వెళ్లాను. మన జిల్లాల నుంచి ఇదే పని మీద చాలామంది పిల్లలు పోతున్నారని అక్కడికి వెళ్లాక తెలిసింది. వాళ్లకు, వాళ్ల ఇంట్లోవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు దారి సంగతి. నల్లగొండ నుంచి హైదరాబాద్ సుమారు 100 కిలోమీటర్లు. నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కితే చిట్యాల, చౌటుప్పల్ మీదుగా ఎల్బీనగర్. ఎక్స్‌ప్రెస్ బస్సులో ఆడవాళ్లకు ఉచితం కాబట్టి నాకు జీరో టికెట్, వాడికే ఛార్జీ. ఈ క్లినిక్‌లు ఎక్కువగా జూబ్లీహిల్స్, బంజారాహిల్స్, మాదాపూర్ వైపు ఉన్నాయి కాబట్టి ఎంజీబీఎస్ దాకా బస్సులో కూర్చోవద్దు. ఎల్బీనగర్‌లో దిగి మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రాయదుర్గం రైలుకు మారితే జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర దిగొచ్చు. మహబూబ్‌నగర్ వైపు వాళ్లకు ఎంజీబీఎస్ బస్టాండ్ పక్కనే మెట్రో స్టేషన్ ఉంది.

మొదట వెళ్లిన క్లినిక్ పేరు రాయను. హాలు చల్లగా, గోడల నిండా ముందు తర్వాత ఫోటోలతో ఉంది. కూర్చోగానే కాఫీ ఇచ్చారు. లోపల డాక్టర్ లేరు, కౌన్సెలర్ అనే అమ్మాయి ఉంది. వయసు అడగకముందే బడ్జెట్ అడిగింది. పెన్సిల్ తీసుకుని మా వాడి నుదుటి మీద ఇప్పుడున్న జుట్టుకు బాగా కిందగా, స్కేలు పెట్టినట్టు ఒక గీత గీసింది. 2,000 గ్రాఫ్ట్‌లు (అంటే తీసి నాటే జుట్టు కుదుళ్లు), గ్రాఫ్ట్‌కు 45 రూపాయలు, మొత్తం 90 వేలు, ఈ రోజే అడ్వాన్స్ కడితే తగ్గింపు అని చెప్పింది. ఆ గీతతో అద్దంలో చూసుకున్నప్పుడు వాడి ముఖం వెలిగిపోయింది. నాకు కడుపులో దేవినట్టయింది. అంత ఆశ పెట్టుకున్న పిల్లాడికి ఎవరు ఏది అమ్మినా కొంటాడు.

"ఆపరేషన్ ఎవరు చేస్తారమ్మా?" అని అడిగాను.

"మా టీమ్ చేస్తది మేడమ్. డాక్టర్ గారు ఆ రోజు ఉంటరు."

అక్కడే లేచాం. ఈ ప్రశ్న అందరూ తప్పకుండా అడగాలి. ఈ సర్జరీని దానికి శిక్షణ పొందిన డాక్టరే చేయాలని, వర్క్‌షాప్‌లోనో యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకుంటే చాలదని దేశంలో వైద్య వృత్తిని నియంత్రించే నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది. ఎండీ డెర్మటాలజీ (చర్మవ్యాధులు), ఎంసీహెచ్ ప్లాస్టిక్ సర్జరీ వంటివి చదివినవాళ్లు కావాలి. మత్తు ఇంజెక్షన్లు ఇచ్చి గంటల తరబడి చేసే పని ఇది. అటూ ఇటూ అయితే చూసుకునే డాక్టర్ పక్కనే లేకపోతే ఎట్లా?

రెండోది ఒక చర్మవ్యాధుల డాక్టరమ్మ నడుపుకునే చిన్న క్లినిక్. ఏసీ అంతంతమాత్రం, ప్లాస్టిక్ కుర్చీలు, చాలాసేపు కూర్చున్నాం. ఫీజు 800. కానీ లోపలికి పోయాక ఆమె తొందరపడలేదు. ఈ మధ్య డెంగీ, టైఫాయిడ్ వంటివి వచ్చాయా అని అడిగారు. గట్టి జ్వరం తగ్గిన రెండు మూడు నెలలకు జుట్టు కుప్పలుగా రాలుతుందట, అది చాలావరకు దానంతటదే తిరిగి వస్తుంది. నాన్న, మేనమామల తలలు ఎలా ఉంటాయో అడిగారు. మా మేనమామలు ఇద్దరికీ బట్టతలే. తర్వాత చిన్న కెమెరా నెత్తికి ఆనించి స్క్రీన్ మాకు తిప్పారు. పెడతల మీద వెంట్రుకలన్నీ ఒకే లావున ఉన్నాయి. ముందు మూలల్లో లావు వెంట్రుకల మధ్య నూగు లాంటి సన్నటివి కలిసి ఉన్నాయి. హార్మోన్ వల్ల కుదుళ్లు చిన్నబడుతున్న గుర్తు అదేనని వేలు పెట్టి చూపించారు.

మా ఇంట్లో అందరి అనుమానమూ బోరు నీళ్ల మీదే. నల్లగొండ ఫ్లోరైడ్ అంటే అందరికీ భయమే కదా. అదీ అడిగేశాను. ఫ్లోరైడ్ పళ్లను, ఎముకలను పాడుచేస్తుంది, ఉప్పునీళ్లతో జుట్టు పీచులా తయారవుతుంది, కానీ నుదురు ఇలా మూలల్లో వెనక్కి పోవడానికి నీళ్లు కారణం కాదని చెప్పారు. హెల్మెట్ కూడా కాదు. యాదగిరిగుట్టలో గుండు చేయించుకుంటే మొక్కు తీరుతుంది గానీ కుదుళ్ల సంఖ్య పెరగదు.

ఆపరేషన్ గురించి వాడు అడిగినప్పుడు ఆమె అన్నమాట నాకు బాగా పట్టింది: "ఇది నారు పీకి నాటు వేయడం లాంటిదే నాన్నా. కాకపోతే ఈ నారుమడి ఒక్కసారే పోసింది, పీకిన చోట మళ్లీ మొలవదు." పెడతల నుంచి మిల్లీమీటరు వెడల్పు కూడా లేని పంచ్ అనే సన్నటి గొట్టం లాంటి పరికరంతో ఒక్కో గ్రాఫ్ట్ తీస్తారు. ఒక్కోదాంట్లో ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలు ఉంటాయి. నాటినవి నిలుస్తాయి, కానీ వాటి వెనక ఉన్న సొంత జుట్టు పలచబడటం ఆగదు. 25 ఏళ్లకే ముందు వరస కిందికి దించి నాటితే, 35 వచ్చేసరికి ముందొక వరస, వెనక ఖాళీ మిగలొచ్చు. అప్పుడు నింపడానికి పెడతలలో సరుకు ఉండాలి. పైగా జుట్టు ఉన్నచోట మధ్యలో నాటితే ఉన్నవీ కొన్ని రాలతాయట.

మందులు రాసే ముందు నన్ను కాసేపు బయట కూర్చోమన్నారు. జుట్టు రాలడం తగ్గించే ఫినాస్టెరైడ్ మాత్రతో కొద్దిమంది మగవాళ్లకు కోరిక తగ్గడం వంటి ఇబ్బందులు వస్తాయి, అవి అక్క ముందు అడగలేడు కదా. ఈ ఒక్క పనితోనే ఆమె మీద నాకు గురి కుదిరింది. చివరికి మాత్ర ఇప్పుడే వద్దనుకున్నాడు. నెత్తికి రాసుకునే 5 శాతం మినాక్సిడిల్ మందు ఒక్కటే మొదలుపెట్టాడు. మొదటి వారాల్లో ఇంకాస్త రాలుతుంది, భయపడి ఆపొద్దు, నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది, ఆపితే వచ్చింది పోతుంది అని ముందే చెప్పి, ఫోటోలు తీసి పెట్టుకున్నారు. సర్జరీకి ఒక్క రూపాయి అడగలేదు. వాడు బయటికొచ్చి కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆమె అబద్ధం చెప్పదే అక్కా" అన్నాడు.

రాత్రికి అమీర్‌పేటలో మెట్రోకు దగ్గరగా ఒక లాడ్జిలో దిగాం. గది చిన్నదే, దుప్పట్లు శుభ్రం, కింద టిఫిన్ సెంటర్ ఉంది. మోత మాత్రం అర్ధరాత్రి దాకా ఆగలేదు. అక్కడే వనపర్తి వైపు పిల్లాడు ఒకడు కనిపించాడు. వేరే చోట సర్జరీ చేయించుకుని మూడో రోజు. నుదుటి మీద మిరియపు గింజ కన్నా చిన్న ఎర్రటి చెక్కులు వరసలుగా ఉన్నాయి, వాపు నుదుటి నుంచి కిందికి జారి కళ్లు సగం మూసుకున్నాయి. వాపు ఇలా రావడం మామూలేనట, కానీ వాడికి ఎవరూ ముందు చెప్పలేదు. పాపం, చూపు పోతుందేమోనని భయపడుతూ కూడా ఇంటికి ఫోన్ చేయలేదు. మా తమ్ముడే వాడి కోసం ఇడ్లీ తెచ్చిచ్చి, క్లినిక్‌కు ఫోన్ చేయించాడు. నాటిన జుట్టు కూడా మొదటి నెలలో రాలిపోతుందని, మూడు నాలుగు నెలలకు కొత్తది మొదలై ఏడాదికి గానీ పూర్తిగా తెలియదని వాడికి తెలియనే తెలియదు. డబ్బు తీసుకున్నవాళ్లు ఇంత మాత్రం చెప్పొద్దా?

సర్జరీ తప్పదనుకున్నవాళ్లకు బస విషయంలో నా సలహా: లాడ్జి కన్నా ఎల్బీనగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో చుట్టాలిల్లు ఉంటే అదే మేలు. మొదటి కొన్ని రాత్రులు తల ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి, గ్రాఫ్ట్‌లకు ఏదీ తగలకూడదు, మొదటి తలస్నానం క్లినిక్‌లోనే చేయించుకోవాలి. ఒక్కడే ఉంటే కష్టం. వెంటనే బస్సెక్కితే సీటుకు పెడతల ఆనుతుంది, కిటికీ పక్కన దుమ్ము. చుట్టాలు లేనివాళ్లు క్లినిక్‌కు దగ్గరగా గది తీసుకుంటే కిరాయి ఎక్కువైనా ఆటోలు తప్పుతాయి.

ఇంకో మాట. మొదటి పరీక్షకు హైదరాబాదే పోనక్కర్లేదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో చర్మ విభాగాలు ఉన్నాయి. బీబీనగర్ ఎయిమ్స్‌లోనూ డెర్మటాలజీ ఓపీ ఉంది, నల్లగొండ నుంచి బీబీనగర్‌కు రైలు మార్గం కూడా ఉంది. అక్కడ చూపించుకుని, రక్తం, థైరాయిడ్ పరీక్షలు అవసరమంటే చేయించుకుని, ఆ కాగితాలు పట్టుకుని సిటీకి పోతే మాట్లాడటానికి మనకూ బలం ఉంటుంది. మా వాడి తర్వాతి చెకప్ ఆరు నెలలకు, అదే డాక్టరమ్మ దగ్గర. బయోడేటా ఫోటో మాత్రం టోపీ లేకుండా గడియారం సెంటర్ దగ్గరి స్టూడియోలో మొన్ననే దిగాడు.